జీతాలు కలిపి 78 వేలు, ఇల్లు 3,75,000: ఏ మార్ట్‌గేజ్ డీల్ మంచిది, అసలు మాకు అందుతుందా?

రీడింగ్‌వాసి

అందరికీ నమస్తే. మేం ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో ఉంటున్నాం. నాది ఐటీ, మా ఆవిడ ఎన్‌హెచ్‌ఎస్‌లో నర్సు. ఇద్దరి జీతాలు కలిపి ఏడాదికి 78,000 పౌండ్లు. ఐఎల్‌ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చి ఆరు నెలలైంది. మూడేళ్ల పాప ఉంది. ఇప్పుడు అద్దె 1,650. ఇన్నేళ్లుగా కూడబెట్టింది 45,000.

ఒక టెర్రస్ ఇల్లు (గోడలు కలిసిన వరస ఇళ్లలో ఒకటి) చూశాం, 3,75,000. 10 శాతం డిపాజిట్ పెడితే లోన్ 3,37,500. జీతానికి నాలుగున్నర రెట్లు అంటే 3,51,000 కాబట్టి లోన్ వస్తుందని బ్యాంకు కాలిక్యులేటర్ చెబుతోంది. రెండు డీల్స్ దగ్గర ఆగాం. రెండేళ్ల ఫిక్స్ (అన్నాళ్లూ వడ్డీ రేటు మారదు) 4.45 శాతం, ఫీజు 1,499. అదే రెండేళ్లకు 4.65 శాతం, ఫీజు లేదు. మొదటిది తక్కువ రేటు కదా అని నేను, ఫీజు ఎందుకు దండగ అని తను. మొదటిసారి కొనేవాళ్లం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లీడ్స్_లెక్కలు

మీ ఆవిడ మాటే కరెక్ట్. తేడా 0.2 శాతం. 3,37,500 మీద ఏడాదికి దాదాపు 675 పౌండ్లు, రెండేళ్లకు 1,350 లోపే. దానికోసం 1,499 కట్టడం నష్టం. అదే ఐదేళ్ల ఫిక్స్ అయితే లెక్క తిరగబడుతుంది. ఐదేళ్లలో మూడు వేలకు పైగా మిగులుతుంది కాబట్టి ఫీజు కట్టినా లాభమే. లక్షన్నర లోన్ ఉన్నవాళ్లకు ఫీజు డీల్ చాలాసార్లు గిట్టదు, నాలుగైదు లక్షలున్నవాళ్లకు గిడుతుంది. అందుకే "నా ఫ్రెండ్ ఈ డీల్ తీసుకున్నాడు" అన్న మాట మీద ఎవరూ వెళ్లొద్దు. వాళ్ల లోన్ వేరు, మన లోన్ వేరు.

నేనైతే ఒకటే చూస్తా. డీల్ నడిచినన్నాళ్లు కట్టే వాయిదాలన్నీ కూడతాను, ఫీజు కలుపుతాను, క్యాష్‌బ్యాక్ ఉంటే తీసేస్తాను, ఆఖర్న ఎంత లోన్ మిగిలిందో చూస్తాను. ప్రకటనలో పక్కన వేసే ఏపీఆర్‌సీ (లోన్ మొత్తం కాలానికి వేసే ఏడాది ఖర్చు శాతం) చూసి కంగారు పడకండి. ఫిక్స్ అయిపోయాక మిగతా పాతికేళ్లూ మీరు ఎస్‌వీఆర్ (డీల్ లేనప్పుడు బ్యాంకు వేసే మామూలు రేటు) మీదే ఉంటారని అనుకుని వేసే లెక్క అది. అలా ఎవరుంటారు?

ఫీజును లోన్‌లో కలిపేస్తామంటారు. కలిపితే దాని మీదా ముప్పై ఏళ్లు వడ్డీ కడతారు.

హౌన్స్‌లో_పాతకాపు

తమ్ముడూ, రేటు సంగతి తర్వాత. ముందు ఒక ప్రశ్న. "మొదటిసారి కొనేవాళ్లం" అన్నావు. ఇండియాలో మీ ఇద్దరిలో ఎవరి పేరు మీదైనా ఇల్లు గానీ ఫ్లాట్ గానీ ఉందా? వాటాగా వచ్చిందైనా సరే చెప్పు. పొలం, ఖాళీ ప్లాటు లెక్కలోకి రావు, ఇల్లైతే వస్తుంది.

రీడింగ్‌వాసి

మా ఆవిడ పేరు మీద హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ ఉంది అన్నా. పెళ్లప్పుడు మామగారు పసుపు కుంకుమ కింద రిజిస్టర్ చేయించారు. ఇప్పుడు 70 లక్షల దాకా ఉంటుంది. మేం ఎప్పుడూ అందులో ఉండలేదు, అద్దెకిచ్చాం. యూకేలో మాత్రం ఏమీ లేదు. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

హౌన్స్‌లో_పాతకాపు

సంబంధం చాలా ఉంది. స్టాంప్ డ్యూటీకి మొదటిసారి కొనేవాళ్లంటే ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ సొంత ఇల్లు లేనివాళ్లు. యూకే ఒక్కటే కాదు. ఇంగ్లండ్ లెక్క ఇది, 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న స్లాబులతో.

ఇద్దరూ నిజంగా మొదటిసారి అయితే 3 లక్షల దాకా సున్నా, మిగతా 75 వేల మీద 5 శాతం. మొత్తం 3,750.

మీలా ఒకరికి ఇదివరకే ఇల్లు ఉంటే ఆ రాయితీ పోతుంది. 1,25,000 దాకా సున్నా, 2,50,000 దాకా 2 శాతం, ఆపైన 5 శాతం. మొత్తం 8,750.

అసలు దెబ్బ ఇంకోటి. కొనే రోజుకు 40,000 పౌండ్లు లేదా అంతకు మించి విలువ చేసే ఇల్లు ఎక్కడున్నా, మొత్తం ధర మీద ఇంకో 5 శాతం అదనం. 2024 అక్టోబర్ 31కి ముందు అది 3 శాతం ఉండేది. మీకు అది 18,750. దాన్ని 8,750కి కలుపు. 27,500.

నీ దగ్గరున్న 45 వేలలో 27,500 పన్నుకే పోతే డిపాజిట్ ఎక్కణ్నుంచి తెస్తావు?

రీడింగ్‌వాసి

చదివాక కాసేపు ఏం తోచలేదు. మా ఏజెంట్ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నా ఒక్కడి పేరు మీద కొంటే? నాకు ఎక్కడా ఏమీ లేదు.

హౌన్స్‌లో_పాతకాపు

కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఆ అదనపు పన్ను విషయంలో ఒక్కరిగానే చూస్తారు. నీ ఒక్కడి పేరు మీద కొన్నా తన ఫ్లాట్ లెక్కలోకి వస్తుంది. కొన్నాక ఫ్లాట్ అమ్మి డబ్బు వెనక్కి అడుగుదాం అంటే, అది మీరు కాపురం ఉన్న ఇల్లు కాదు కాబట్టి రాదు.

కొత్తగా_వచ్చా

ఒక డౌటండీ. ఇండియాలో ఉన్న ఫ్లాట్ గురించి మనం చెప్పకపోతే వీళ్లకు ఎలా తెలుస్తుంది? మా ఆఫీసులో ఒకాయన అలాగే చేశానన్నాడు.

ఎంకే_అక్క

బాబూ, ఆ మాట వినకు. ఇల్లు చేతికొచ్చిన 14 రోజుల్లో స్టాంప్ డ్యూటీ రిటర్న్ వెయ్యాలి. సొలిసిటర్ (లాయరు) వేసినా అందులో ఉన్నది నిజమని చెప్పేది మనం. తప్పు చెబితే పన్నుతోపాటు వడ్డీ, జరిమానా. పైగా వీళ్ల ఫ్లాటుకు అద్దె వస్తోంది, దాన్ని ఇక్కడి సెల్ఫ్ అసెస్‌మెంట్ (ఆదాయపు పన్ను రిటర్న్)లో చూపించాలి. ఒక కాగితంలో ఉన్న ఇల్లు ఇంకో కాగితంలో మాయమైతే ఎలా కుదురుతుంది? ఇన్నేళ్లు వీసాల టెన్షన్ పడి, ఐఎల్‌ఆర్ తెచ్చుకుని, చివరికి ఒక సంతకంతో మెడ మీదకు తెచ్చుకుంటామా?

లీడ్స్_లెక్కలు

అక్క మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నా.

రీడింగ్‌వాసి గారూ, ఒక దారి ఉంది. ఫ్లాట్‌ను ముందే అమ్మేసో మామగారికి గిఫ్ట్ డీడ్ రాసేసో మీ ఒక్కరి పేరు మీద కొంటే మీరు మొదటిసారి కొనేవారే అవుతారు, 3,750తో పోతుంది. లోన్‌కి ఇద్దరి జీతాలు చూపించి, ఇంటి పట్టాలో ఒకరి పేరే ఉండే జాయింట్ బారోవర్ సోల్ ప్రొప్రయటర్ పద్ధతి ఉంది. అన్ని బ్యాంకులూ ఇవ్వవు, భార్యాభర్తలకైతే ఇచ్చేవి ఇంకా తక్కువ. బ్రోకర్‌ను అడగాలి. గిఫ్ట్ డీడ్ ఉచితంగా అయిపోతుందనుకోవద్దు, దగ్గరి బంధువుకు ఇస్తే మార్కెట్ ధరకు అమ్మినట్టే ఇక్కడి పన్ను శాఖ చూస్తుంది. లాభం మీద పన్ను రావచ్చు.

ఎంకే_అక్క

లెక్క ప్రకారం సరే. కానీ ఒక ఆడపిల్ల తల్లిగా మాట్లాడతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

ఆ ఫ్లాట్ ఆ అమ్మాయికి పుట్టింటివాళ్లు ఇచ్చింది. తన పేరు మీద ఉన్న ఒక్క ఆస్తి. అది తీసేయించి, కొత్త ఇంట్లో తన పేరు లేకుండా, లోన్‌లో మాత్రం తన జీతం చూపిస్తారు. రేపు వాయిదా ఆగితే బ్యాంకు తననూ అడుగుతుంది. ఇల్లు మాత్రం తనది కాదు. 5,000 పౌండ్ల పన్ను ఆదా కోసం అంత పని చెయ్యాలా? పన్ను తేడా 8,750కీ 3,750కీ మధ్యే. ఇద్దరి పేర్లూ పెట్టండి. కాదూ, ఆమే ఇష్టపడి సరే అంటే వేరే సంగతి, కానీ అడగాల్సింది ఆమెను.

రీడింగ్‌వాసి

అక్కా, మీ మెసేజ్ తనకు చూపించాను. చదివి కాసేపు మాట్లాడలేదు. "ఆవిడెవరో గానీ నా మనసులో మాట రాశారు" అంది. తను లేకుండా ఏ కాగితమూ ఉండదు, అది తేల్చుకున్నాం.

కొత్తగా_వచ్చా

నా ప్రశ్న కూడా చూడరా ప్లీజ్. లెస్టర్‌లో ఉంటా, స్కిల్డ్ వర్కర్ వీసా, వచ్చి ఏడాదిన్నర. ఇండియాలోనూ నా పేరు మీద ఏమీ లేదు. ఐఎల్‌ఆర్ దాకా ఆగాలా?

హౌన్స్‌లో_పాతకాపు

ఆగాలని రూలేం లేదు. వీసా మీద లోన్ ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. కాకపోతే ఒక్కోదానిదీ ఒక్కో పద్ధతి. ఒకరు ఎక్కువ డిపాజిట్ అడుగుతారు, ఒకరు వీసాలో ఇంకా ఎంతకాలం మిగిలిందో చూస్తారు, ఒకరు ఇక్కడ ఎన్నాళ్ల నుంచి ఉంటున్నావో చూస్తారు. నీలాంటివాళ్ల అప్లికేషన్లు రోజూ చూసే బ్రోకర్‌ని పట్టుకో. వాళ్ల దగ్గర మార్కెట్ మొత్తం ఉందా, కొన్ని బ్యాంకులేనా అన్నది ముందే అడుగు.

ఈలోపు రెండు పనులు చెయ్యి. ఓటరు జాబితాలో పేరు వేయించుకో. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి ఇక్కడ వీసా మీద ఉంటున్న మనకూ ఓటుంది, చాలామందికి తెలీదు. క్రెడిట్ ఫైల్‌కి (అప్పుల విషయంలో నీ రికార్డుకి) అది బలం. రెండోది, నలభై ఏళ్లు నిండకముందే లైఫ్‌టైమ్ ఐసా (మొదటి ఇంటికి దాచుకునే పొదుపు ఖాతా) తెరువు. ఏడాదికి 4,000 వేస్తే ప్రభుత్వం 1,000 కలుపుతుంది. ఖాతాలో మొదటిసారి డబ్బు వేశాక కనీసం ఏడాది ఆగాలి, ఇల్లు 4,50,000 దాటకూడదు. మధ్యలో వేరే అవసరానికి తీస్తే మాత్రం 25 శాతం కోత, అంటే నువ్వు వేసిన దాంట్లోనూ కొంత పోతుంది.

ఎంకే_అక్క

రీమార్ట్‌గేజ్ వాళ్లు (పాత డీల్ అయిపోయి కొత్తదానికి మారేవాళ్లు) కూడా ఈ చర్చ చదువుతున్నట్టున్నారు, ఇద్దరు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. నా సంగతి ఇక్కడే రాస్తా.

2021 జనవరిలో మిల్టన్ కీన్స్‌లో 2,82,000కి కొన్నాం. లోన్ 2,40,000, ముప్పై ఏళ్లు, ఐదేళ్ల ఫిక్స్ 1.5 శాతం. నెలకు 828. అప్పట్లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటే 0.1 శాతం. 2023 ఆగస్టుకి అది 5.25 అయింది, 2025 ఆగస్టుకి 4కి దిగింది. మా ఫిక్స్ 2026 జనవరిలో అయిపోతుందని తెలిసి ఏడాది ముందు నుంచే గుండెల్లో గుబులు.

డీల్ అయిపోవడానికి నాలుగు నెలల ముందు యాప్ తెరిచి చూశాను. డీల్ అయిపోయేనాటికి మిగిలే లోన్ 2,07,100. మా ఇంటికి బ్యాంకు తనంతట తాను వేసిన విలువ 2,72,000. అంటే ఎల్‌టీవీ (ఇంటి విలువలో లోన్ ఎంత శాతమో) 76 శాతం చిల్లర. 75 లోపు ఉంటే ఒక రేటు, 80 లోపు ఉంటే ఇంకో రేటు. ఆ ఒక్క శాతం కోసం మాకు 4.35 చూపిస్తోంది, 75 వాళ్లకు 4.1.

వంటగది బల్ల మీద కాగితం పెట్టుకుని లెక్క వేశాను. 2,72,000లో 75 శాతం అంటే సరిగ్గా 2,04,000. మాకు కావాల్సింది 3,100 తగ్గించడం. ఫిక్స్ నడుస్తుండగానే ఏడాదికి లోన్‌లో 10 శాతం దాకా అదనంగా కట్టినా మా డీల్‌లో ఈఆర్‌సీ (ముందే కట్టినందుకు వేసే జరిమానా) పడదు. సెలవులకు దాచిన డబ్బు ఉంది. మా ఆయన్ని అడిగి ఆ రాత్రే కట్టేశాను. మర్నాడు ఉదయం ఏమీ మారలేదు, మూడో రోజు యాప్‌లో 75 శాతం డీల్స్ కనిపించాయి. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

ఇప్పుడు నెలకు 1,088. 828తో పోలిస్తే 260 ఎక్కువే, బాధే. కానీ ఆ 3,100 కట్టకపోతే రేటు తేడా వల్లే ఏడాదికి ఇంకో 500 దాకా పోయేవి.

ఇంకో మాట. రేటు ముందే లాక్ చేసుకోండి. పాత బ్యాంకులోనే కొత్త డీల్‌కి మారుతుంటే, కొత్త డీల్ మొదలయ్యేలోపు అదే బ్యాంకు రేటు తగ్గించినా మళ్లీ మారొచ్చు. 2023 జూన్‌లో వచ్చిన మార్ట్‌గేజ్ చార్టర్‌లో చేరిన బ్యాంకులు ఈ వీలు ఇస్తాయి, డీల్ ముగిసే ఆరు నెలల ముందు నుంచి. నేను రెండుసార్లు మార్చుకున్నా. పెరిగితే లాక్ చేసిందే ఉంటుంది.

లీడ్స్_లెక్కలు

అక్కా, ఇది అందరూ చదవాలి. ఒక్కటి కలుపుతా. పాత బ్యాంకులోనే మారితే జీతాల లెక్కలు సాధారణంగా మళ్లీ అడగరు, వేగంగా అయిపోతుంది. ఉద్యోగం మారినవాళ్లకు, జీతం తగ్గినవాళ్లకు అది పెద్ద ఊరట. వేరే బ్యాంకుకు వెళ్తే అప్లికేషన్ మొదటి నుంచీ ఉంటుంది. కానీ చాలా రీమార్ట్‌గేజ్ డీల్స్‌లో వాల్యుయేషన్, లీగల్ ఖర్చులు వాళ్లే పెట్టుకుంటారు. ఇల్లు బాగు చేయించి విలువ పెరిగిందని నమ్మకం ఉంటే బయట కూడా చూడాల్సిందే.

హౌన్స్‌లో_పాతకాపు

నేను చేసిన తప్పు కూడా చెబుతా. 2023లో నాన్నకు ఒంట్లో బాగాలేక ఇండియా వెళ్లాను. ఫిక్స్ ఎప్పుడు అయిపోతుందో గుర్తు లేదు. బ్యాంకు ఉత్తరం ఇక్కడ తలుపు కింద పడి ఉంది. తిరిగొచ్చేసరికి రెండు నెలలు ఎస్‌వీఆర్ మీద నడిచింది. 1,80,000 లోన్, 7.99 శాతం. ఫిక్స్ తీసుకుని ఉంటే 5 దగ్గర దొరికేది. రెండు నెలలకు దాదాపు 900 పౌండ్లు. ఎవరిదీ తప్పు కాదు, నాదే. అప్పట్నుంచి ఫోన్ క్యాలెండర్‌లో ఏడు నెలల ముందే గుర్తు పెట్టుకుంటున్నా.

2022 సెప్టెంబర్ 23 మినీ బడ్జెట్ వారం గుర్తున్నవాళ్లు ఉన్నారా? మా కజిన్ సోమవారం అప్లై చేద్దామనుకున్న డీల్ మంగళవారానికి లేదు. స్వాప్ రేట్లు (ఫిక్స్ డీల్స్‌కి ఆధారమైన మార్కెట్ రేట్లు) ఎగిరితే బ్యాంకులు డీల్స్ వెనక్కి తీసుకుంటాయి, బ్యాంక్ రేటు కదలక్కర్లేదు. అందుకే రేపు తగ్గుతుందేమో అని ఊరికే ఎదురుచూడటం కంటే లాక్ చేసి చూడటం నయం.

స్లౌ_నర్సమ్మ

ఇల్లు ఖరీదని ఫ్లాట్ వైపు చూసేవాళ్లకు ఒక మాట. ఇక్కడ ఫ్లాట్లు ఎక్కువగా లీజు మీదే అమ్ముతారు; ఆ లీజులో ఎన్నేళ్లు మిగిలాయో, సర్వీస్ చార్జి (బిల్డింగ్ నిర్వహణ ఖర్చు) గత మూడేళ్లలో ఎలా పెరిగిందో కాగితాల మీద చూడండి. నేను కొన్నప్పుడు ఏడాదికి 1,400, ఇప్పుడు 3,200. అది మార్ట్‌గేజ్ కాలిక్యులేటర్‌లో ఎక్కడా కనిపించదు, కానీ నా జీతంలోంచే పోతోంది. లీజు 80 ఏళ్ల కిందకి దిగితే పొడిగించుకునే ఖర్చు బాగా పెరుగుతుంది.

లీడ్స్_లెక్కలు

రీడింగ్‌వాసి గారూ, అందుతుందా అన్న అసలు ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. బ్యాంకు ఇస్తాననడం వేరు, మనం కట్టగలగడం వేరు.

3,37,500, 4.65 శాతం, ముప్పై ఏళ్లు అయితే నెలకు 1,740. మీ అద్దె కంటే 90 ఎక్కువ అంతే కదా అనిపిస్తుంది. కానీ బాయిలర్ చెడిపోతే ఇప్పుడు ఓనర్ చూసుకుంటున్నాడు, రేపు మీరే. ఇంటి ఇన్సూరెన్స్, లైఫ్ కవర్ అదనం. నర్సరీ ఫీజు బ్యాంకు కూడా లెక్కలోకి తీసుకుంటుంది. రెండేళ్ల తర్వాత రేటు రెండు శాతం పెరిగిందనుకోండి, 2,140 దాటుతుంది. అది కట్టగలరా అని ఇప్పుడే చూసుకోవాలి. నేను కొనేముందు ఆరు నెలలు అద్దెకీ ఆ అంకెకీ ఉన్న తేడాను ప్రతి నెలా ఒకటో తేదీనే వేరే ఖాతాలో వేశాను. నాలుగో నెలలో కష్టమైంది. అప్పుడు చిన్న ఇల్లు చూశాం. ఆ నిర్ణయానికి ఇప్పటికీ సంతోషమే.

35 ఏళ్లకు పెంచితే నెలకు 1,629, అంటే 111 తగ్గుతుంది. అదే రేటు చివరిదాకా ఉందనుకుంటే మొత్తం వడ్డీ దాదాపు 57,000 పెరుగుతుంది. తప్పనిసరైతే తీసుకోండి, తర్వాత తగ్గించుకోండి.

రీడింగ్‌వాసి

రెండు వారాలైంది, మళ్లీ వచ్చాను. ఆ టెర్రస్ ఇల్లు వదిలేశాం. ఏజెంట్ రెండుసార్లు ఫోన్ చేశాడు, కుదరదని చెప్పాం.

మా ఆవిడే ఒక ఆదివారం మామగారికి ఫోన్ చేసి మొత్తం చెప్పింది. "నీకిచ్చింది నీ ఇల్లు కోసమే కదమ్మా, అక్కడుంటే ఏంటి ఇక్కడుంటే ఏంటి" అన్నారట. ఫ్లాట్ అమ్ముదామని తనే అంది. ఇండియా పన్ను, ఖర్చులు పోగా 50,000 పౌండ్ల దాకా వస్తుందని అంచనా. అప్పుడు ఇదే ధర ఇంటికి 75,000 డిపాజిట్, లోన్ 3 లక్షలు, 80 శాతం ఎల్‌టీవీ. 4.4 దొరికితే నెలకు 1,502. స్టాంప్ డ్యూటీ 8,750. ఇద్దరి పేర్లూ ఉంటాయి, తన వాటా ఎక్కువని రాయించమని నేనే సొలిసిటర్‌కి చెప్పాను.

అమ్మడం మాత్రం తేలిక కాదని తెలుస్తోంది. ఎన్‌ఆర్‌ఐ అమ్మితే కొనేవాళ్లు ధర మొత్తం మీద టీడీఎస్ పట్టుకోవాలట.

హౌన్స్‌లో_పాతకాపు

అవును. తక్కువ టీడీఎస్ కోసం ఆదాయపు పన్ను శాఖ దగ్గర ముందే సర్టిఫికెట్ తీసుకోండి, లేకపోతే డబ్బు నెలల తరబడి అక్కడే ఇరుక్కుంటుంది. అమ్మిన డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్‌ఆర్‌ఐలకు ఇండియా ఆదాయం కోసం ఉండే బ్యాంకు ఖాతా) పడాలి. అక్కణ్నుంచి సీఏ సర్టిఫికెట్‌తో ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. సేల్ డీడ్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, సీఏ కాగితాలు, పెళ్లప్పటి రిజిస్ట్రేషన్ అన్నీ స్కాన్ చేసి ఉంచు. ఇక్కడి సొలిసిటర్ ఈ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందని తప్పకుండా అడుగుతాడు. తెలుగులో ఉన్న కాగితాలకు అనువాదం కూడా అడగొచ్చు. ఇక్కడ క్యాపిటల్ గెయిన్స్ రిటర్న్ మర్చిపోకు.

ఎంకే_అక్క

తన వాటా ఎక్కువని రాయించమన్నావు చూడు, చాలా సంతోషం వేసింది నాన్నా. డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ (ఎవరి వాటా ఎంతో రాసే పత్రం) అని అడగండి, ఇద్దరి పేర్లూ టెనెంట్స్ ఇన్ కామన్‌గా, అంటే ఎవరి వాటా వాళ్లకు విడిగా ఉండేలా రాస్తారు.

రీడింగ్‌వాసి

రాసుకున్నా అక్కా. అద్దెకున్నవాళ్లు దసరా దాకా టైమ్ అడిగారు, ఇచ్చాం. ఈలోపు లీడ్స్ అన్న చెప్పినట్టు ఈ నెల ఒకటో తేదీ నుంచి వేరే ఖాతాలో డబ్బు వేయడం మొదలుపెట్టాం. తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ ఈమధ్య తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎన్ని వారాలు పట్టిందో చెప్పగలరా?